పావులూరి గణితమును బాలుర యుక్తిశిక్షయును

తెలుఁగుదేశపు వీథిబడులలో బాలురు చేసినది వల్లెవేయుటయే గాని యాలోచించుట కాదను మాట 1823 నాఁటికే వ్రాతకెక్కినది. 1822 జూన్ 25వ తేదీని చెన్నపురి గవర్నరగు సర్ తామస్ మన్రో, దేశమునఁ గల బడులెన్ని, చదువువారెందఱు, చదువునదేమి యని కలెక్టరులనెల్ల నడిగెను. వచ్చిన ప్రత్యుత్తరములలో బళ్ళారి కలెక్టరగు కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీని వ్రాసినది పేరుగాంచినది. బాలురు ఇసుకలో నక్షరములు దిద్దుట, ఎక్కములు వల్లించుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకుఁ జెప్పుట మున్నగునవి యాతఁడు శ్రద్ధగా వర్ణించెను. తక్కువవ్యయముతో నడచు నా పద్ధతిని మెచ్చుకొనెను. కాని బాలురు వల్లించు పద్యముల భాష వారు మాటలాడు భాష కాదనియు, అర్థము శిష్యునకేకాక పెక్కుచోట్ల నుపాధ్యాయునకును దెలియదనియుఁ గూడ వ్రాసెను.

ఈ మాటలో నిజమెంత? దీనిని విచారించుటకుఁ గాంబెల్‌కు సుమాఱు ఏడు శతాబ్దములకుముందు బాలశిక్షకై తెలుఁగునఁ బుట్టిన యొక గ్రంథము మంచి సాక్షి. అది పావులూరి మల్లన రచించిన సారసంగ్రహగణితము. లోకము దానినిఁ బావులూరి గణితమనియే వ్యవహరించినది.

పర్చూరికి దక్షిణమున ఇంకొల్లు, ఇంకొల్లు చెంతఁ బావులూరు. అంతయు నల్లరేగడినేల. ప్రత్తియు, మిరపయు, శనగయుఁ బండు పొలములు. ఈ సీమ 1970 వఱకు గుంటూరు జిల్లాలో నుండి, ఆ యేఁట నేర్పడిన ఒంగోలు జిల్లాలోఁ జేరినది. ఆ జిల్లాకు 1972లోఁ బ్రకాశముజిల్లా యను పేరు వచ్చెను. 2022 నుండి యీ సీమ బాపట్ల జిల్లాలోనిది. మల్లన నాఁటికిది కమ్మనాడు. గుండ్లకమ్మ పాఱు ప్రదేశమున కా పేరు. నేఁటి కొణిదెన, శాసనములలోని కొట్యదొన, ఆ నాటిలోనిదే. గ్రంథకర్త తనవారి పావులూరు కమ్మనాటిలోనిదని స్పష్టముగాఁ జెప్పికొన్నాఁడు కావున, ఈ పేరుగల గ్రామము వేఱొకచోట నున్నను సందేహమునకుఁ దావులేదు.

కాలవిషయమునఁ గొంత చర్చ కలదు. రాజరాజనరేంద్రుఁడు పిఠాపురముచెంత నవఖండవాడ యను నగ్రహారమును మల్లన కిచ్చెనని గ్రంథమునఁ గలదు. ఇది చూచి గణితకారుఁడు నన్నయభట్టున కేకకాలికుఁడని కొందఱు వ్రాసిరి. కాని యగ్రహారము పడసినవాఁడు గ్రంథకర్త తాత. తాతపేరు మనుమనికిఁ బెట్టుట తెలుఁగువారి యాచారమే గదా! తాతయు మల్లన, మనుమఁడును మల్లన. నడుమ తండ్రి శివన్న. రాజరాజు 1022 మొదలు 1061 వఱకు రాజ్యము చేసెను. ఆ నడుమ నగ్రహారము పడయఁదగిన వయస్సుగల వానికి మనుమఁడైనవాఁడు పదునొకండవ శతాబ్ది చివరనో పండ్రెండవదాని మొదటనో గ్రంథము వ్రాసియుండుట యుక్తము. అట్లయిన, 1150లో భాస్కరాచార్యుని లీలావతి పుట్టుటకు ముందే తెలుఁగు బాలునకుఁ దన భాషలో గణితము లభించినదన్నమాట.

మల్లనకు మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుఁడు జైనుఁడు, రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, తొమ్మిదవ శతాబ్ది నడుమ, దానిని సంస్కృతమున రచించెను. గ్రంథారంభమున గణితప్రశంస యొకటి కలదు. పాకము, వైద్యము, వాస్తువు, సంగీతము మొదలుకొని ఛందస్సు, తర్కము, వ్యాకరణము వఱకుఁ గల విద్యలన్నింటను గణితమే మాన్యమని యాతఁడు చెప్పెను. వైయాకరణులకీ మాట కొంచెము నొప్పి కలిగింపవచ్చును. అయినను దానిలోని యభిప్రాయము గ్రహింపఁదగినది: గణితము లెక్కకై మాత్రము కాదు, బుద్ధి నొక క్రమమున నడపుటకు.

మల్లన దానిని మక్కికి మక్కిగాఁ దెనిఁగింపలేదు. ఒకే ఫలమునకుఁ బెక్కు మార్గములున్నచోఁ గొన్నింటిని విడిచెను. జినాలయములును జినపూజలును గల యుదాహరణములను శివపరముగా మార్చెను. అనఁగా శిష్యుఁ డెవఁడో యెఱిఁగి, వానికిఁ దెలిసిన లోకమునుండి ప్రశ్నను దీసికొనెను. బోధనమున నిది చిన్నవిషయము కాదు. ప్రశ్నలోని వస్తువు పరిచితమైనఁగాని బాలుని దృష్టి వస్తువునువిడిచి సంబంధముమీఁదికిఁ బోదు. (ఇచ్చట నొక్కమాట. నేఁడు పావులూరి పొలములనిండ నున్న మిరప, సముద్రములు దాఁటి యమెరికానుండి పదునాఱవ శతాబ్దిలో వచ్చినది; మల్లన యెఱిఁగిన కారము మిరియమే.)

మహావీరుని గుణకారప్రకరణమునఁ గొన్ని చిత్రమైన యుదాహరణములు కలవు. 14,28,57,143ను 7చే గుణించినచో 1,00,00,00,001 వచ్చును. 1,52,207ను 73చే గుణించినచో నెనిమిది యొకట్లు వరుసగా నిలుచును. 2,79,94,681ను 441చే గుణించినచో 12345654321 ఏర్పడును. ఈ సంఖ్యలు కుడినుండి చదివినను నెడమనుండి చదివినను నొక్కటే. పూసలు కూర్చిన హారమువలె నుండుటచేఁ గంఠికలని వీనికిఁ బేరు. మల్లన కీ జాతి మిక్కిలి నచ్చినది. మూలమునఁ గలవి చాలక మఱికొన్నింటిని దానును గూర్చెను.

ఇది వినోదమని త్రోసివేయుట తగదు. వీథిబడిలో నుపాధ్యాయుఁ డొక్కఁడు, పిల్లలు పలువురు. ప్రతివాని లెక్కను నాతఁడే చూడవలెనన్నచో దినము చాలదు. కంఠికాసంఖ్య వచ్చెడి లెక్కలో బాలుఁడు తన తప్పు తానే కనిపెట్టును. ఒక్క యంకె చెడినను హారము తెగును. ఎక్కడ తెగినదో చూచికొని వెనుకకుఁ బోవచ్చును. గురువు సరియన్నఁ గాని సరి కాదను స్థితినుండి, సరియని తానే తెలిసికొను స్థితికి బాలునిఁ దెచ్చుటయే యుక్తిశిక్షలో మొదటిమెట్టు. ఈ యుదాహరణముల యుద్దేశమిదియే యని మల్లన చెప్పలేదు. వాని ఫలము మాత్రమిదియే.

పావులూరివానిదిగాఁ జెప్పఁబడుచుఁ బండితుల నోళ్ళలో నేఁటికిని నిలిచిన పద్యము చదరంగపు పద్యము. అఱువదినాలుగిండ్లలో మొదటియింట నొకటి, రెండవయింట రెండు, మూఁడవయింట నాలుగు, ఇట్లు రెట్టించుచుఁబోయిన మొత్తమెంత యనుటకు, భూతసంఖ్యలతోఁ జెప్పిన యుత్తరమది. గగనమనఁగా సున్న, రంధ్రమనఁగాఁ దొమ్మిది, కుంజరమనఁగా నెనిమిది. తర్కశబ్ద మాఱింటికి; కుడినుండి పదునాఱవస్థానమున నది కూర్చున్నది. పదములను వరుసగా నంకెలుగా మార్చి, వామగతినియమము ననుసరించి యెడమకు సాగించినచో 1,84,46,74,40,73,70,95,51,615 వచ్చును. ఇరువదియంకెల సంఖ్యలో నొక్కటియుఁ దప్పులేదు.

పద్యము వచ్చినవారు వేలకొలఁది. ఈ సంఖ్య యెట్లు వచ్చినదో చెప్పఁగలవా రెందఱు? అఱువదిమూఁడుమాఱులు రెట్టించి యన్నింటినిఁ గూడుట మొండిదారి. శాస్త్రమున దగ్గఱిదారి కలదు. దానికి మూలము పింగళుని ఛందశ్శాస్త్రముననే యున్నది. ప్రస్తారమున నాఱక్షరముల పాదమునకు 64 సమవృత్తములనియు, ఇరువదియాఱక్షరముల యుత్కృతికి 6,71,08,864 అనియు నెఱిఁగిన ఛందస్కునకుఁ జదరంగపులెక్క క్రొత్తది కాదు. సంఖ్యను సగము చేయవీలైనచో సగము చేసి వర్గమునకు గుఱుతుంచుకొనవలెను. వీలుగానిచో నొకటి తీసి రెట్టింపునకు గుఱుతుంచుకొనవలెను. 64 సగము 32. అటుపై 16, 8, 4, 2, 1. ఆఱు సగములు. మిగిలిన యొకటికి నొక రెట్టింపు. ఇంక వెనుకకు మరలి వచ్చినచో 2, దాని వర్గము 4, దాని వర్గము 16, పిదప 256, పిదప 65,536, పిదప 4,29,49,67,296, దీని వర్గము తుదిది. ఆఱు గుణకారములతోఁ బని ముగిసినది. దానినుండి యొకటి తీసివేసిన నుత్తరము.

ఒకటి యేల తీయవలెను? ఇక్కడనే బాలుని యుక్తి పరీక్షింపఁబడును. మొదటియింట నొకగింజ యున్నది. బయటినుండి మఱియొక గింజ తెచ్చి దానితోఁ జేర్చినచో రెండగును. అది రెండవయింటి గింజలకు సమానము. ఈ రెండింటిని రెండవయింటివానితోఁ గూడ నాలుగు. అది మూఁడవయింటికి సమానము. ఇట్లు ప్రతియింటను గూర్పు తరువాతి యింటితో సరితూఁగుచుఁ బోయి, అఱువదినాలుగవ యిల్లు ముగియునప్పటికి లేని యఱువదియైదవ యింటి సంఖ్య యగును. తెచ్చిన గింజను మరల బయట వేయవలెను గాన నొకటి తగ్గును. ఈ మాట చెప్పుటకుఁ జింతగింజలు చాలును. దీనినే శాస్త్రజ్ఞు లుపపత్తి యందురు.

సమస్యను విడఁదీయుటలో వ్యాకరణజ్ఞునికి మిక్కిలి యింపైనది ప్రకీర్ణగణితము. మహావీరుఁడు దీనిని భాగజాతి, శేషజాతి, మూలజాతి మున్నగు పదిజాతులుగా విభజించెను. మొదటి రెండింటి భేదము నేఁటి పర్చూరు సీమకుఁ దగిన యుదాహరణముతోఁ జూపవచ్చును. ఒక కాఁపు తన కల్లమునఁ గల మిరపబస్తాలలో సగము గుంటూరికిఁ బంపెను. మిగిలినవానిలో మూఁడవవంతు ఊరిలోనే యమ్మెను. పది బస్తాలు నిలిచినవి. మొత్తమెన్ని? తొందరపడు బాలుఁడు సగమును మూఁడవవంతును గూడి, ఆఱింట నైదు పోయినవి, ఆఱింట నొకటి పది, కావున 60 అనును. సరియైనది 30. ఏలయనఁగా 30లో సగము పోఁగా 15, దానిలో మూఁడవవంతు 5, నిలిచినవి 10. అఱువది యనువాఁడు కూడికలోఁ దప్పలేదు, భిన్నములలోఁ దప్పలేదు. 'మిగిలినవానిలో' ననుమాటను విడిచి 'మొత్తములో' నని చదివెను. అట్టి ప్రశ్నయే వేసియున్నచో నఱువదియే యుత్తరము, అది భాగజాతి. ఇది శేషజాతి. నిర్ధారణ దేనినుండి చేయఁబడుచున్నదో తెలియనివానికి నేసూత్రమును బనికిరాదు. గణితమున వచ్చు తప్పులలోఁ బెక్కు వాక్యార్థజ్ఞానలోపముననే వచ్చుననుట కిది నిదర్శనము. గణితోపాధ్యాయుఁడును భాషోపాధ్యాయుఁడును వేఱువేఱు గదులలోఁ గూర్చుండుటచే నీ తప్పెవ్వరిదియుఁ గాకపోయినది.

త్రైరాశికమునకు వచ్చినచోఁ దర్కశాస్త్రము మఱింత దగ్గఱ యగును. దానిలోని మూఁడు రాశులకుఁ బ్రమాణము, ఫలము, ఇచ్ఛ యని పేర్లు. తెలిసిన పరిమాణము ప్రమాణము, దానికిఁ గలిగినది ఫలము, అడుగఁబడినది ఇచ్ఛ. ఫలమును నిచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగింపవలెనను సూత్రము సులభము. ఏచోట నది చెల్లును, ఏచోటఁ జెల్లదు అనునది సులభము కాదు. పండ్రెండుగురు పది దినములలోఁ దీయు ప్రత్తిని నిరువదిమంది యెన్నిదినములలోఁ దీయుదురనినచో, మనుష్యులు పెరిఁగినకొలఁది దినములు తఱుఁగును గాన నది వ్యస్తత్రైరాశికము. ఉత్తర మాఱు దినములు. సూత్రమును గ్రుడ్డిగాఁ బట్టినవానికిఁ బదునాఱు దినములకుఁ బైగా వచ్చును. ఎక్కువమంది చేసిన పని యాలస్యమగునా యని తన్నుఁదా నడిగికొనఁడేని వాఁడు లెక్క నేర్చియు నేర్వనివాఁడే.

ఇదియే తార్కికుల వ్యాప్తివిచారము. పొగనుబట్టి నిప్పు నూహించువాఁడు, పొగయున్నచోటనెల్ల నిప్పుండునను నియమమును ముందు తెలిసికొనవలెను. నిప్పునుబట్టి పొగ నూహింపరాదు. తడికట్టె యను నుపాధి యుండినఁగాని పొగ రాదు. ప్రత్తితీఁతలెక్కకు నుపాధి కలదు: చేను మొదటనే పూర్తిగాఁ బగిలియుండవలెను, తీయువారెల్ల సమానముగాఁ దీయవలెను. దినదినమును క్రొత్తకాయ పగులుచుండెనేని లెక్క చెల్లదు. ఏ రైతునైన నడిగిన నీ సంగతి చెప్పును. బడిలో మాత్ర మెవ్వరు నడుగరు.

ఈ సందర్భమునఁ బదునేడవ శతాబ్దివాఁడగు అన్నంభట్టును స్మరింపక తీఱదు. ఆతఁడును దెలుఁగువాఁడే. కాశికిఁ బోయినంతమాత్రమున నెవఁడు నన్నంభట్టు కాఁజాలఁడను లోకోక్తి యాతనినిగుఱించియే పుట్టినది. పాణినీయముపై మితాక్షరయుఁ, గైయటుని ప్రదీపముపై నుద్ద్యోతనమును వ్రాసిన యీ వైయాకరణుఁడు, బాలురకు సుఖముగా బోధపడుటకై తర్కసంగ్రహమును రచించి, దానికి దీపిక యను వ్యాఖ్యను దానే చేర్చెను. మూలము కొన్ని పుటలే. ఏడు పదార్థములు, నాలుగు ప్రమాణములు, ప్రతిజ్ఞ మొదలు నిగమనమువఱకుఁ గల యైదవయవములు, ఐదు హేత్వాభాసములు, అన్నియు నందే యిమిడియున్నవి. కాని యిందలి 'బాల' శబ్దమునకు వ్యాఖ్యాతలు చెప్పు నర్థము గమనింపఁదగినది: కావ్యవ్యాకరణకోశములు చదివియు న్యాయశాస్త్రము చదువనివాఁడు బాలుఁడఁట. అనఁగా నీ బాలునికి మీసములు వచ్చియుండును. ఏడెనిమిదేండ్ల పిల్లవానికి హేతువును వ్యభిచారమును జూపుటకుఁ దర్కసంగ్రహము పనికిరాదు. ఆ పని లెక్కలవలననే కావలెను. కావున వీథిబడిలోని తర్కశాస్త్రము పావులూరి గణితమే యన్నను సాహసము కాదు.

అట్లయినచోఁ గాంబెల్ మాట యబద్ధమా? కాదు. ఇచ్చటఁ బక్షపాతము పనికిరాదు. మల్లన శాస్త్రమును బద్యములలోఁ బెట్టెను. తాటాకులు మితముగా దొరకు కాలమునఁ బద్యమే పుస్తకము. ధారణకు వచ్చినది దొంగలకును జెదలకును దక్కదు. సూత్రమును నుదాహరణమును బద్యమున నిలిచినవి. ఉపపత్తి మాత్రము గురుముఖమున నిలిచినది. లీలావతికి గణేశదైవజ్ఞుఁడు 1545లో బుద్ధివిలాసిని యను వ్యాఖ్యను వ్రాసి యుపపత్తులను జేర్చెను. పావులూరి గణితమునకు లెక్కలు విప్పిచెప్పు టీకలు గలవు గాని యంతటి యుపపత్తివ్యాఖ్య ప్రసిద్ధమై వ్యాపింపలేదు. గురువు నేర్పరియైనంతకాలము లోటు లేదు. ఒక తరమున నుపాధ్యాయుఁడు పద్యమునుమాత్రమే యందుకొనెనేని, తరువాతితరమున కిచ్చుటకు వానియొద్ద మఱేమియు నుండదు. పద్యము చెడలేదు గాన విద్య చెడలేదని యందఱుఁ దలంచిరి. చదరంగపు పద్యమే దీనికి సాక్షి: ఇరువదియంకెలును భద్రముగా నున్నవి, ఒకటి తీయుటకుఁ గారణము పోయినది.

అయినను గాంబెల్ చూచినది బడిని మాత్రమే. గుంటూరు కలెక్టరు 1823లోనే పంపిన ప్రత్యుత్తరమున, బడులుగాక, పండితులు తమయిండ్లలో వేదాంతము, ధర్మశాస్త్రము, జ్యోతిషము మున్నగునవి చెప్పుచుండిన చోట్లు 171 అనియు, విద్యార్థులు 939 అనియుఁ గలదు. జ్యోతిషము చెప్పినచోట గణితము లేకుండుట పొసఁగదు. అచ్చటఁ ద్రైరాశికమునకుఁ గారణ మడిగినవాఁడును, చెప్పినవాఁడును నుండియే యుందురు. వీథిబడికిని బండితుని యరుఁగునకును నడుమ నున్న గోడయే యసలు దోషము. ఒకచోట లెక్కలు, పేరుకుఁ గారణము లేదు; ఒకచోటఁ గారణములు, పిల్లలు లేరు. ఆ గోడ కట్టినవారిలోఁ బండితులును గలరు. ఇది యొప్పుకొనుటకుఁ గష్టమైనను నిజము.

మూలగ్రంథమైన గణితసారసంగ్రహమును లోకమెఱుఁగుట ఇరువదవ శతాబ్దిలోని మాట. చెన్నపురియందలి మ. రంగాచార్యులు దానినిఁ బరిష్కరించుచుండఁగా, అమెరికా గణితచరిత్రకారుఁడగు డేవిడ్ యూజీన్ స్మిత్ 1908లో రోమునగరమున జరిగిన గణితవేత్తల మహాసభలో దానినిగుఱించి ప్రసంగించెను. 1912లో నది యింగ్లీషు ననువాదముతోఁ జెన్నపురిప్రభుత్వమువారిచే నచ్చుపడెను. మహావీరుని గొప్పతనముతోపాటు లోపములును వెల్లడియైనవి. సున్నచే భాగింపఁబడిన సంఖ్య మాఱదని యాతఁడు వ్రాసెను, అది తప్పు. ఋణసంఖ్య వర్గము కాదు గావున దానికి వర్గమూలము లేదని కారణము చూపి వ్రాసినదియు నాతఁడే. కారణము చూపినచోట శాస్త్రము నిలిచినది, చూపనిచోటఁ జెడినది.

తెలుఁగుగ్రంథమునకు మఱి నలువదియేండ్లు పట్టినది. వ్రాఁతప్రతులు పెక్కు, పాఠములు ప్రతిప్రతికి భిన్నములు. బడిలో నలిగిన గ్రంథమున కది సహజమే. ఉపాధ్యాయుఁడైనవాఁ డెల్లఁ దనకుఁ దోఁచిన లెక్కను జేర్చియుండును. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన ప్రథమభాగము, వారు 1950లోఁ గీర్తిశేషులైన పిదప, 1952లోఁ దిరుపతినుండి వెలువడెను.